అడిగించుకున్న సాయం

మొన్న ఆర్మూర్‌లోని మెకానిక్కులంతా కలిసి పాత మిస్త్రీలకు సన్మానం చేశారు. నాకూ శాలువా కప్పి, కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. బేరింగుల గురించి, గ్రీజు గురించి, ఏ నట్టు ఎంత బిగించాలన్న దాని గురించి చెప్పి దిగిపోయాను. చప్పట్లు కొట్టారు. చెప్పాల్సిన అసలు సంగతి మాత్రం గొంతులోనే ఉండిపోయింది. మైకు పట్టుకుని చెప్పగలిగే సంగతి కాదది. కాగితం మీదైతే చెప్పగలనేమోనని కూర్చున్నాను.

నా పేరు భూమన్న. పుట్టింది దొంకేశ్వర్‌లో, బతికింది ఆర్మూర్‌లో. పెర్కిట్ దాటాక హైవే పక్కన ఒక లారీల వర్క్‌షాపు ఉండేది. అందులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. బ్రేకులు, స్టీరింగులు చూడటం నా పని. పసుపు సీజన్ వచ్చిందంటే గంజ్ మార్కెట్ నుంచి బయలుదేరే లారీల్లో సగం మా షెడ్డు ముందు ఆగేవి. చేతులకు గ్రీజు, గ్రీజు మీద పసుపు. ఇంటికి పోయి ఎంత రుద్దినా గోళ్లలోంచి ఆ రెండూ పోయేవి కావు.

మన పని గురించి బయటివాళ్లకు ఒక భ్రమ ఉంటుంది. చెడిపోయిన బండిని బాగుచేయడమే పని అనుకుంటారు. అది సగమే. మిగతా సగం, బండి కింద నుంచి లేచి చేతులు తుడుచుకుంటూ చెప్పే ఒక్క మాటలో ఉంటుంది. “తీస్కపో” అంటాం, లేదా “వద్దు” అంటాం. ఆ మాట నమ్ముకుని ఒక మనిషి తన పెళ్లాం పిల్లల్ని బండెక్కిస్తాడు. మొదటి సగం నేను బాగా నేర్చుకున్నాను. రెండో సగం నేర్చుకోవడానికి నాకు ఒక ప్రాణం పట్టింది.

గఫూర్ ఉస్తాద్

నాకు పని నేర్పింది గఫూర్ ఉస్తాద్. సన్నటి మనిషి, దవడలో ఎప్పుడూ లవంగం. స్టీరింగ్ మీద రెండు వేళ్లు పెట్టి అటూ ఇటూ కదిపితే చాలు, కింద ఏ కీలు అరిగిందో చెప్పేవాడు.

ఒకసారి పసుపు లోడుతో ఒక లారీ వచ్చింది. స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే రాడ్ చివర బాగా అరిగిపోయింది. ఉస్తాద్ చూసి బండి కదలొద్దన్నాడు. మా సేఠ్ ఒప్పుకోలేదు. సేఠ్ చెడ్డవాడేం కాదు. మాలో ఎవరింట్లో చావైనా అందరికంటే ముందు తనే వచ్చి నిలబడేవాడు. కానీ షెడ్డులో బండి నిలిచిపోయి ఉంటే మాత్రం ఆయనకు కాలు నిలిచేది కాదు. నేను చూసిన యజమానుల్లో ఎక్కువమంది అట్లాంటివాళ్లే. దుర్మార్గం ఉండదు, తొందర ఉంటుంది.

“ఒక్క ట్రిప్పే గద గఫూర్. నిజామాబాద్ పోయి ఖాళీ జేసి మల్ల ఈడికే వస్తడు. అప్పుడు జేద్దువు తీ,” అన్నాడు సేఠ్.

ఉస్తాద్ బండి కిందికి దూరి ఆ రాడ్ ఊడదీసి బయటికి తెచ్చాడు. గోనెసంచి మడిచి దాన్ని రాడ్ మీద పరిచి, దాని మీద కూర్చుని చాయ్ తాగడం మొదలుపెట్టాడు.

“పంపుర్రి సేఠ్. నేనేమన్న ఆపుతున్ననా? రాడ్ ఒక్కటే నా కింద ఉంది. అది లేకుంట పోతదంటే పంపుర్రి.”

సేఠ్ తిట్టుకుంటూ వెళ్లి కొత్త రాడ్ తెప్పించాడు. ఆ రోజు సాయంత్రం ఉస్తాద్ నాతో ఇట్లా అన్నాడు. “బేటా, వద్దని నోటితోని అంటె ఎవడూ ఇనడు. బండి లేవకుంట జెయ్యాలె. గప్పుడే నువ్వు వద్దన్నట్టు.”

నేను నవ్వాను. ముసలాయన మొండితనం అనుకున్నాను. రెండేళ్లకు ఆయన చనిపోయాడు. ఆయన స్థానంలో నేను మిస్త్రీనయ్యాను.

ఫోటో తెచ్చిన మనిషి

ఎనభైల చివర్లో ఒక మధ్యాహ్నం వర్క్‌షాపు గేటు దగ్గర ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. కవర్లోంచి ఒక రంగు ఫోటో తీసి నాకు అందించాడు. రెండే సీట్లున్న కారు. నేలను రాసుకుంటూ పోతుందేమో అన్నంత పొట్టిగా, ముక్కు పొడుగ్గా, పసుపు రంగులో ఉంది.

“మిస్త్రీ సాబ్, నా పేరు లింబాద్రి. మాది సిరికొండ, గిప్పుడు గంజ్ ఎనక గల్లీల ఉంటున్నం. గసొంటి కారు ఇంట్ల తయారు జేస్తున్న. బ్రేకులు, స్టీరింగు మీరు జర సూడాలె.”

నాకు నవ్వొచ్చింది. “లారీలు సూసేటోన్ని నేను. గిసొంటి బొమ్మ కార్లు నాకు తెల్వయ్.”

ఆయన కొంచెం ముందుకు వంగి, కుడి చెవి నా వైపు తిప్పి, “ఏమన్నరు సాబ్?” అన్నాడు. మళ్లీ గట్టిగా చెప్పాను. తలూపి, ఫోటో జాగ్రత్తగా కవర్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పది రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి తన కథ చెప్పాడు. తొమ్మిదేళ్లు దుబాయిలో ఒక గ్యారేజీలో సొట్టలు తీసే పని చేశాడు. రేకుల షెడ్డులో పొద్దంతా సుత్తి చప్పుడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం పోయింది. ఆ ఫోటోలోని కారు గ్యారేజీ యజమానిది.

“తొమ్మిదేండ్లు దాని సొట్టలు దీసిన సాబ్. దాని ఒళ్లంత నా చేతులకు ఎర్కే. కని ఒక్కనాడు గూడ తాళంచెవి నా చేతికియ్యలే. కడగాలన్నా నూక్కుంట పోయి కడిగి, నూక్కుంట తేవాలె.”

“అయితే?”

“నడిపి సూడాలె సాబ్. నేను జేసింది నేను నడిపి సూడాలె.”

సీజన్ అయ్యాక చూద్దామన్నాను. సీజన్ అయిపోయింది. మూడోసారి వచ్చినప్పుడు సైకిల్ మీద గోనెసంచిలో చుట్టిన ఒక వస్తువు తెచ్చాడు. విప్పాడు. ముందు చక్రం మీద వచ్చే మడ్‌గార్డు. మామూలు ఇనుప రేకును సుత్తితో కొట్టి చేశాడు. దాని మీద చేయి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జరిపాను. ఎక్కడా సుత్తి దెబ్బ తగల్లేదు. ఇనుమును అంత మెత్తగా వంచిన చేతిని నేను అప్పటిదాకా చూడలేదు.

“ఆదివారం వస్త,” అన్నాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మూడుసార్లు ఆయన నా గేటు దగ్గరికి రావడం నాకు బాగుంది. పెద్ద పనివాళ్లందరికీ ఈ రోగం ఉంటుంది. విద్య ఉన్నవాడికి అడిగించుకోవడంలో ఒక రుచి తగులుతుంది. అది తగిలిన రోజే జాగ్రత్తపడాలి. నేను పడలేదు.

గంగామణి

లింబాద్రి ఇంట్లో భార్యాభర్తలిద్దరే. పిల్లలు లేరు. వాకిట్లో రేకుల పందిరి. పసుపుకు పాలిష్ పట్టే డ్రమ్ములు సొట్టలు పడితే బాగుచేసి ఆయన బతుకుతున్నాడు. భార్య గంగామణి బీడీలు చుట్టేది. ఒళ్లో చాట పెట్టుకుని, తల ఎత్తకుండా చుడుతూనే ఆ వాకిట్లో జరిగేవన్నీ చూసేది.

పందిరి కింద కారు అస్థిపంజరంలా ఉంది. బొంబాయిలో టాక్సీగా తిరిగి తిరిగి మూలకు పడ్డ కారును తెచ్చి, పై భాగమంతా కోసి పారేసి, అడుగు భాగం, ఇంజను మాత్రం ఉంచుకున్నాడు. ఊళ్లో అడగని పనివాడు లేడు. లేత్ మిస్త్రీ ఒకడు చక్రాల హబ్బులు సరిచేసి ఇచ్చాడు. అద్దాల దుకాణం ఆయన ముందు అద్దానికి సాయం చేశాడు. ఇంజనును ఎంత వెనక్కి జరపాలో ఒకడొకటి, మరొకడొకటి చెప్పారు. రెండూ చేసి చూసి, మూడోది తనే కనుక్కున్నాడు.

“గీ రెండు మడిగార్డులు ఒక్కలెక్క రాకపోయేది అన్నా,” అని గంగామణి చాటలోంచి చూపు ఎత్తకుండా నాతో చెప్పింది. “ఎడమది ఒక తీరు, కుడిది ఒక తీరు. నెల దినాలు కొట్టిందే కొట్టిండు. నేనన్న, మేం ఆకు కత్తిరియ్యాలంటె పైన రేకు ముక్క పెట్టి కత్తిరిస్తం, గందుకే అన్ని ఒక్కతీరుగుంటయ్. నువ్వు గూడ అట్టతోని ఒక అచ్చు జేసుకో, గది తిర్లేసి రెండో దిక్కుకు పెట్టు అని.”

“తెలివంత నీ దగ్గర్నే ఉంది చెల్లె,” అన్నాను.

“ఉంటె ఏం లాభం అన్నా? పేరు ఆయనకొస్తది,” అని నవ్వింది. లింబాద్రి ఏమీ వినపడక మా ఇద్దరి మొహాలూ చూసి తనూ నవ్వాడు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు వెళ్లాను. బ్రేకులు మొత్తం కొత్తగా వేశాం. బ్రేకు పైపుల్లోంచి గాలి తీయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి గాలి బయటికి పంపాలి. నేను కింద నుంచి కేకేస్తే లింబాద్రికి వినపడేది కాదు. పట్టుకోమంటే వదిలేవాడు. రెండుసార్లు నా మొహం నిండా ఆయిలు పడింది. చివరికి గంగామణి చాట పక్కన పెట్టి లేచింది. పొగాకు చేతులు కొంగుకు తుడుచుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది.

“తొక్కు చెల్లె!”

“తొక్కిన!”

“వదులు!”

“ఇడ్శిన!”

నాలుగు చక్రాలూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. లింబాద్రి కాకుండా ఆ కారు డ్రైవర్ సీట్లో మొదట కూర్చున్న మనిషి ఆమే. దిగేటప్పుడు స్టీరింగ్‌ను ఒకసారి అటూ ఇటూ తిప్పి, “మస్తుంది గదా,” అంది తనలో తనే.

అతుకు

కారు పూర్తయ్యే నాటికి తొంభైలు మొదలయ్యాయి. ఫోటోలో లాగే పసుపు రంగు వేసి ఆరబెట్టిన రోజు గల్లీ మొత్తం ఆ వాకిట్లోనే ఉంది. లింబాద్రి ఇంజను స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడు ఆయనకు చెవులతో సరిగా వినపడదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

నేను చివరిసారి కిందికి దూరి చూశాను. బ్రేకులు బాగున్నాయి. స్టీరింగ్ రాడ్ దగ్గరికి వచ్చేసరికి నా చేయి ఆగిపోయింది. ఇంతకుముందు అక్కడ రాడ్ తిన్నగా ఉండేది. ఇప్పుడు వంపు తిరిగి ఉంది. వంపు దగ్గర వెల్డింగ్ అతుకు.

“లింబాద్రీ, గిదెవరు జేసిండ్రు?” బయటికి వచ్చి, ఆయన చెవి దగ్గర అడిగాను.

“నేనే అన్నా. సీటు కిందికి దించినంక రాడ్ అందుతలేదు. కోసి, వంచి, అతికిచ్చిన. మంచిగ లేదా?”

అతుకు చూడటానికి చాలా బాగుంది. దాంతోనే వస్తుంది చిక్కు. స్టీరింగ్ రాడ్ ప్రతి మలుపులోనూ మెలి తిరుగుతుంటుంది. ఎంత మంచి అతుకైనా ఆ మెలికలకు లోపల్లోపల సన్నగా పగులుతుంది. పైకి కనపడదు. ఒక రోజు తెగుతుంది. వంపు కావాల్సిన చోట తిరిగే జాయింటు పెట్టాలి గానీ అతకకూడదు. ఇది నాకు గఫూర్ ఉస్తాద్ మొదటి సంవత్సరమే చెప్పిన పాఠం.

“గిది ఉండద్దు లింబాద్రీ. జీపులకుండే జాయింటు పడాలె గీడ. నిజామాబాద్ల పాత సామాన్ల దుకాణాలల్ల దొరుకుతది. నేనే తెచ్చి బిగిస్త.”

ఆయన మొహం వాడిపోయింది. చుట్టూ జనం. రెండున్నరేళ్ల పని. “అయితే అందాక నడపొద్దా అన్నా?” అన్నాడు.

ఆ మొహం చూసి నాకు మనసొప్పలేదు. “అందాక మెల్లగ నడుపుకో. గల్లీలల్ల తిప్పుకో. ఏం గాదు,” అన్నాను.

ఏం గాదు. నేను చేయాల్సింది వేరే ఉంది. ఆ స్టీరింగ్ చక్రం ఊడదీసి నా స్కూటర్ మీద పెట్టుకుని ఇంటికి పోవాల్సింది. ఆయన కోపం చేసుకునేవాడు, గల్లీవాళ్లు నవ్వేవాళ్లు. అంతకంటే ఏమీ అయ్యేది కాదు. మంచి మనసుతో అబద్ధం చెప్పే మిస్త్రీ కంటే తిట్టి బండి ఆపే మిస్త్రీ వెయ్యిరెట్లు నయం.

డిక్కీ

ఆ వారంలోనే పనిమీద నిజామాబాద్ వెళ్లాను. జాయింటు దొరికింది. కొని స్కూటర్ డిక్కీలో వేసుకున్నాను. అప్పటి నుంచి మూడు వారాలు అది డిక్కీలోనే తిరిగింది.

పని ఎక్కువగా ఉందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. సీజన్ మాట నిజమే. కానీ మా షెడ్డు నుంచి లింబాద్రి ఇంటికి పావుగంట తొవ్వ. అసలు కారణం వేరు. పసుపుపచ్చటి కారు ఆర్మూర్ రోడ్ల మీద తిరుగుతోంది. హోటళ్లలో, గంజ్‌లో, ఎక్కడ చూసినా ‘లింబాద్రి కారు’ అంటున్నారు. ఒక వ్యాపారి తన కొడుకు పెళ్లి బరాత్‌కు ఆ కారే కావాలన్నాడట. బ్రేకులు ఎవరు వేశారని ఒక్కరూ అడగలేదు. ముప్పై ఏళ్లలో నేను బాగుచేసిన లారీలకు లెక్క లేదు, కానీ ఇది నేను చేసింది అని చూపించుకునేది ఒక్కటీ లేదు. ఆయన మళ్లీ ఒకసారి వచ్చి, ‘అన్నా, ఆ జాయింటు ఏమైంది?’ అని అడుగుతాడని చూశాను. అడిగితే పోదామనుకున్నాను.

ఒక శుక్రవారం అంగడిలో గంగామణి ఎదురైంది. కూరగాయల సంచి భుజాన ఉంది. నేను స్కూటర్ ఆపాను.

“అన్నా, మా ఆయన రోజూ మీ తొవ్వ సూస్తుండు. పోయి అడుగరాదయ్యా అంటె, ఊకూకె అడుగుతె బాగుండది అంటడు.”

“జాయింటు దొరికింది చెల్లె. ఆదివారం నేనే వచ్చి బిగిస్త.”

ఆమె మొహం వెలిగింది. “దొరికిందా? ఏడుంది? ఇయ్యుర్రి మరి, సంచిల ఏస్కపోత.”

డిక్కీ తాళం మీదే నా చేయి ఉంది. “నువ్వు తీస్కపోయి ఏం జేస్తవ్? బిగించుడు తెల్వాలె గద. ఆదివారం వస్తగా,” అన్నాను.

“గట్లనే అన్నా. తప్పకుంట రావాలె,” అని ఆమె జనంలోకి వెళ్లిపోయింది.

తీసి ఇస్తే లింబాద్రి తనే బిగించుకునేవాడు. ఆ సంగతి నాకు తెలుసు. గల్లీ అంతా చూస్తుండగా నా చేత్తో నేను బిగించాలని ఉండింది నాకు.

ఆదివారం పొద్దున్నే బ్రేకులు పట్టేసిన లారీ ఒకటి షెడ్డుకు వచ్చింది. సేఠ్ కబురు పంపాడు, వెళ్లాను. సాయంత్రం దాకా అక్కడే సరిపోయింది. రావట్లేదని లింబాద్రి ఇంటికి ఒక మనిషిని పంపినా పోయేది. పంపలేదు.

ఇందల్వాయి దగ్గర

తర్వాతి గురువారం, పగలు పదకొండు గంటలప్పుడు, ఇందల్వాయి వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవర్ ఒకడు షెడ్డులో దిగుతూనే చెప్పాడు. “పచ్చ కారు మోరీల వడ్డది. ఆడామె బతికేటట్టు లేదు.”

చేతిలోని పానా అక్కడే వదిలేసి స్కూటర్ తీశాను. నేను చేరేసరికి ఇద్దరినీ నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. గంగామణి తల్లిది ఇందల్వాయి. కూతురు, అల్లుడు ఆమెకు కారు చూపించడానికి బయలుదేరారు. ఊరు ఇంకా రెండు మైళ్లుందనగా మలుపులో కారు తిరగలేదు. తిన్నగా పోయి కల్వర్టు గోడకు కొట్టుకుని కిందికి దిగింది. గంగామణి కూర్చున్న వైపే కొట్టుకుంది.

పోలీసులు జనాన్ని వెనక్కి నెడుతున్నారు. నేను కిందికి దిగి చూశాను. చూడకముందే తెలుసు. రాడ్ అతుకు దగ్గరే తెగింది. తెగిన ముఖంలో సగం మాసిపోయి ఉంది, సగం తళతళ మెరుస్తోంది. మాసిన సగం ఎన్నాళ్ల నుంచో పగులుతూ వచ్చింది. మెరిసే సగం ఆ పొద్దున తెగింది. సీటు కింద, తల్లి కోసం తీసుకుపోతున్న టిఫిన్ డబ్బా, మూత కూడా ఊడకుండా ఉంది.

పైకెక్కి రోడ్డు పక్కన కూర్చున్నాను. ఎదురుగా నా స్కూటర్. డిక్కీలో జాయింటు.

గంగామణి దవాఖాన చేరకముందే పోయింది. లింబాద్రికి తుంటి ఎముక విరిగింది.

చెప్పిన నిజం, చెప్పని నిజం

మూడు రోజుల తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కారును చూడటానికి వచ్చాడు. ఊళ్లో స్టీరింగుల పని తెలిసిన పాత మిస్త్రీని నేనే కాబట్టి నన్నూ పిలిపించాడు. నిదానమైన మనిషి. తెగిన రాడ్ చేతిలో పట్టుకుని అడిగాడు.

“అతుకు తెగింది, అంతే కదా మిస్త్రీ?”

“అంతే సార్.”

“ఇంతకుముందు దీన్ని ఎవరైనా పనివాడు చూశాడా?”

“ఇంట్ల తయారు జేసుకున్న బండి సార్,” అన్నాను.

అందులో ఒక్క అబద్ధం లేదు. అయినా నా జీవితంలో నేనన్న అన్నింటికంటే పెద్ద అబద్ధం అదే. ఆయన రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను.

దవాఖానకు వెళ్లాను. లింబాద్రి నన్ను చూసి చేయి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు కూడా లేవు.

“మీరు మెల్లగ నడుపుమన్నరు అన్నా. నేనే ఉర్కిచ్చిన. నేనే సంపుకున్న.”

“ఊకో లింబాద్రీ, ఊకో,” అన్నాను. అంతకు మించి ఒక్క మాట రాలేదు. రానివ్వలేదు. ఆయన తప్పంతా మీదేసుకుంటుంటే లోపల ఎక్కడో నాకు ఊపిరి ఆడింది. సిగ్గుతో రాస్తున్నాను, కానీ నిజం అదే.

కోర్టులోనూ ఆయన అదే చెప్పాడు. అజాగ్రత్తగా నడిపానని ఒప్పుకున్నాడు. చచ్చిపోయింది సొంత భార్యేనని జడ్జి జుర్మానాతో వదిలిపెట్టాడు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. కారు పోలీసు స్టేషన్ వెనక తుప్పు పట్టింది. లింబాద్రి కర్ర పట్టుకుని నడవడం నేర్చుకుని, మళ్లీ పాలిష్ డ్రమ్ముల పనిలో పడ్డాడు. డిక్కీలో ఉన్న జాయింటును కొన్నాళ్లకు ఒక రైతు జీపుకు బిగించాను. ఎంతో కాలం తిరిగిందది.

ఆ తర్వాత నా పని తీరు మారింది. అనుమానం వస్తే చెప్పడం మానేసి, విప్పి పక్కన పెట్టడం మొదలుపెట్టాను. ‘ఏం గాదు’ అన్న మాట షెడ్డులో ఎవరన్నా ఊరుకునేవాణ్ని కాదు. భూమన్నకు చాదస్తం పెరిగిందన్నారు. సేఠ్ రెండుసార్లు పనికి రావద్దన్నాడు, రెండుసార్లూ మళ్లీ పిలిచాడు. నా చేతి కింద నేర్చుకున్నవాళ్లు ఈ రోజు మంచి మిస్త్రీలు. కానీ తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా, చేయని ఒక్క పని మాత్రం పూర్తికాదు.

ఆరేళ్ల తర్వాత

కళ్లలో పొర వచ్చి నేను పని మానేసిన సంవత్సరం, ఒక పొద్దున లింబాద్రి ఇంటికి వెళ్లాను. ఆరేళ్లలో ఆ గడప తొక్కలేదు. పందిరి కింద కూర్చుని ఆయన డ్రమ్ము రేకు సరిచేస్తున్నాడు. పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పాను. అతుకు చూసిన రోజు ఏం చేయాల్సిందో, డిక్కీలో జాయింటు మూడు వారాలు ఎట్లా తిరిగిందో, అంగడిలో గంగామణి అడిగితే ఎందుకు ఇవ్వలేదో, ఇన్‌స్పెక్టర్‌తో ఏమన్నానో, ఏదీ దాచలేదు.

ఆయన సుత్తి కింద పెట్టాడు.

“నాకు ఎర్కే అన్నా,” అన్నాడు. “జాయింటు దొరికిందట, భూమన్న ఆదివారం వస్తడట అని అంగట్ల నుంచి రాంగనే చెప్పింది. ఆదివారం కోడి కోసినం. మీరు తింటరని. పొద్దూకేదాంక ఆమె తినలే.”

తల ఎత్తకుండానే అడిగాను.

“మరి కోర్టుల నీదే తప్పని ఎందుకన్నవ్?”

“నాది గూడ ఉండె. ‘జర ఉర్కియ్యవయ్యా, సూద్దాం’ అన్నది. గన్నేండ్లల్ల ఆమె నన్నొకటి అడిగింది గదొక్కటే. ఉర్కిచ్చిన. నవ్వుకుంట కూసున్నది. నా పాలు నేను చెప్పిన. మీ పాలు మీరు చెప్తరని సూసిన. దవాఖానల సూసిన, కోర్టుల సూసిన. ఏడాది సూసిన. ఇగ సూసుడు ఇడిశిపెట్టిన.”

“మాఫ్ చెయ్యి లింబాద్రీ.”

ఆయన నా వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది.

“ఏమనాలె అన్నా నేను? చెప్పుకున్నరు, మీకు జర తేలికైతది. మంచిదే. నాకు మాత్రం ఇయ్యాల మల్ల మొదటి దినం లెక్క అయింది. ఇగ రాకుర్రి.”

లేచాను. ఆయన లేవలేదు. నేను గల్లీ మలుపు తిరిగేదాకా ఆ పందిరిలోంచి సుత్తి చప్పుడు వినపడలేదు.

మళ్లీ వెళ్లలేదు. ఆయన చెప్పిన ఆ ఒక్క మాటైనా పాటించాను. ఆర్మూర్ పెద్ద ఊరేం కాదు. గంజ్ దగ్గరో, బస్టాండ్ దగ్గరో అప్పుడప్పుడు ఎదురుపడతాం. ఆయన కర్ర ఆపి, “బాగున్నరా అన్నా?” అంటాడు. నేను “బాగున్న లింబాద్రీ” అంటాను. ఇంకొక్క మాట కోసం ఇద్దరం కాసేపు నిలబడతాం. అది రాదు. ముందు ఆయనే కదులుతాడు.